కందులు ఎంత ఎండాలి? ఎక్కడ ఆపాలి?

సంక్రాంతి దాటేసరికి తెలంగాణలోని కోట్‌పల్లి, పెద్దేముల్, యాలాల, తాండూరు ఊళ్లలో కళ్లాలు కందులతో నిండిపోతాయి. జూన్, జులైలో వేసిన పంట డిసెంబరు చివరి నుంచి కోతకొస్తుంది. కట్టె కోసి, కుప్ప వేసి, కొట్టి, తూర్పారబట్టాక గింజ బండ మీదికి చేరుతుంది. అప్పుడు ప్రతి ఇంట్లో వినిపించే ప్రశ్న: ఇంకెన్ని రోజులు ఎండాలె? పెద్దవాళ్లు చెప్పే జవాబు: ఎంత ఎండితే అంత మంచిది.

ఆ జవాబులో సగమే నిజం. పచ్చి గింజ ముక్కిపోతుంది, బూజు పడుతుంది, కొనుగోలు కేంద్రం నుంచి వెనక్కి వస్తుంది. ఈ నష్టం కంటికి కనబడుతుంది, ముక్కుకు తెలుస్తుంది. అందుకే అందరికీ దానంటే భయం. అతిగా ఎండిన గింజ చేసే నష్టం అలా ఒక్కచోట బయటపడదు. కాంటా మీద తూకం తగ్గడం, మిల్లులో నూక పెరగడం, జూన్‌లో విత్తనం మొలవకపోవడం, ఇలా వేర్వేరు నెలల్లో వేర్వేరు రూపాల్లో వస్తుంది. దానికీ జనవరి ఎండకూ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. పండించినవాడికి దక్కాల్సిన డబ్బు ఇలా చప్పుడు లేకుండా పోవడం నాకు బాధగా ఉంటుంది. అందుకే ఈ రెండో నష్టాన్ని కాస్త ఓపికగా చూద్దాం.

ఈ ప్రాంతానికి ఇది చిన్న విషయం కాదు. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ పేరు మీద దరఖాస్తు వెళ్లింది. లోతైన నల్లరేగడి, అందులోని అట్టపుల్గైట్ అనే బంకమట్టి ఖనిజం, కింద పరుచుకున్న సున్నపురాయి, వర్షాధారపు సాగు, వీటివల్లే తమ కందికి ఆ రుచి, తొందరగా ఉడికే గుణం, నిల్వ ఉండే శక్తి వచ్చాయని దరఖాస్తుదారులు చెప్పారు. 22 నుంచి 24 శాతం ప్రొటీన్ ఉంటుందన్నది కూడా అందులో ఉంది. నేల ఇచ్చిన ఈ గుణాలన్నీ కోత తరువాతి పది పదిహేను రోజుల్లో నిలబడనూ వచ్చు, చెడిపోనూ వచ్చు.

అసలు ఎండబెట్టడం ఎందుకు?

కోసినంత మాత్రాన గింజ చచ్చిపోదు. లోపల మొలక బతికే ఉంటుంది, మెల్లగా ఊపిరి తీసుకుంటూ ఉంటుంది. ఊపిరితో పాటు కాస్త వేడి, కాస్త నీటి ఆవిరి బయటికి వస్తాయి. గింజలో తేమ ఎక్కువుంటే ఊపిరి వేగం పెరుగుతుంది. వదిలిన ఆవిరి పక్క గింజకు చేరుతుంది, దాని వేగమూ పెరుగుతుంది. పచ్చి కందుల కుప్పలో మోచేతి దాకా చెయ్యి దూర్చితే వెచ్చగా తగిలేది ఈ కారణం వల్లే. ఆ వేడి వెనకే బూజు వస్తుంది. గింజల సందుల్లోని గాలిలో తేమ 65, 70 శాతం దాటిందంటే బూజుకు అనువైన చోటు దొరికినట్టే. కొన్ని బూజులు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని కూడా వదులుతాయి. కడిగినా, వండినా అది పూర్తిగా పోదు.

ఎండబెట్టడం అంటే ఆ ఊపిరిని దాదాపు ఆగేంతగా నెమ్మది చేయడం. అలా నెమ్మదించాక ఇంకా ఎండబెట్టడం వల్ల నిల్వకు అదనంగా కలిసొచ్చేది చాలా తక్కువ. పోయేది మాత్రం ఎక్కువ.

ఎంత ఎండాలి అన్నదానికి ఒకే జవాబు లేదు. గింజ ఎటు పోతుందన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. కోసి కొట్టిన కందుల్లో సాధారణంగా 18 శాతం, అంతకు కొంచెం అటూ ఇటూ తేమ ఉంటుంది. మద్దతు ధరకు అమ్మాలంటే 12 శాతం మించకూడదు. ఇంట్లో ఏడాది పాటు నిల్వ ఉంచాలంటే 9, 10 మధ్యకు దిగాలి. విత్తనానికి ప్రభుత్వ ప్రమాణం 9 శాతం. గాలి చొరబడని డబ్బాలో పెట్టే విత్తనమైతే 8. అంటే అమ్మే కుప్ప, తినే కుప్ప, విత్తే కుప్ప మూడూ వేరు. మూడింటినీ ఒకే బండ మీద, ఒకే రోజు దాకా ఎండబెట్టి ఒకేసారి ఎత్తేయడం దగ్గరే లెక్క తప్పుతుంది.

ఎక్కువ ఎండితే పోయేదేమిటి?

ముందు తూకం లెక్క చూద్దాం. 18 శాతం తేమ ఉన్న 100 కిలోల కందుల్లో అసలు గింజ 82 కిలోలు, మిగతా 18 కిలోలు నీళ్లు. దాన్ని 12 శాతానికి దించితే తూకం సుమారు 93 కిలోలకు వస్తుంది. ఈ ఏడు కిలోలు పోవాల్సిందే, అది నష్టం కాదు. భయంతో ఇంకో నాలుగు రోజులు ఎండబెట్టి 8 శాతానికి దించారనుకోండి, తూకం 89 కిలోలకు పడిపోతుంది. మరో నాలుగు కిలోలు పోయాయి. 2025-26 పంటకాలానికి కేంద్రం ప్రకటించిన కంది మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. నాలుగు కిలోలంటే 320 రూపాయలు. పది క్వింటాళ్లు పండిన ఇంట్లో అది 3,200 రూపాయలు. కొనేచోట 12 శాతానికి ఎంత ధరో 8 శాతానికీ అంతే. ఎక్కువ ఎండబెట్టినందుకు ఎవరూ పైసా ఎక్కువ ఇవ్వరు.

రెండోది పగుళ్లు. తగినంత తేమ ఉన్న గింజకు కొంత సాగే గుణం ఉంటుంది. దెబ్బ తగిలితే తట్టుకుంటుంది. తేమ మరీ తగ్గితే పెళుసుబారుతుంది. సంచి ఎత్తి లారీలోకి విసిరినా, మిల్లు రోలర్ కింద పడినా చిట్లుతుంది. పైకి నిండుగా కనబడే గింజకు పొట్టు మీద వెంట్రుకవాసి పగులు ఉండవచ్చు. ఆ సన్నని పగులు విత్తనానికి ప్రాణాంతకం. తడి నేలలో పడగానే నీళ్లు ఆ పగుల్లోంచి ఒక్కసారిగా లోపలికి దూసుకుపోతాయి, లేత మొలక కణాలు చెదిరిపోతాయి, బూజుకూ దారి దొరుకుతుంది. విత్తనం మంచిది కాదు, వాన సరిగ్గా పడలేదు అనుకుంటాం. అసలు తప్పు ఆరు నెలల ముందు బండ మీద జరిగి ఉండవచ్చు.

గింజ అతిగా ఎండడం ఒకటి, అతిగా వేడెక్కడం మరొకటి. ఈ రెంటినీ కలిపి చూడకూడదు. జనవరి ఎండ మన దగ్గర మెత్తనిది. కోత ఆలస్యమై మార్చిలోకి జరిగితే మధ్యాహ్నం బండ మీద అరికాలు నిలవదు. తడిగా ఉన్న విత్తనపు గింజకు 40 డిగ్రీలు దాటిన వేడి మంచిది కాదు. మార్చిలో అయితే విత్తనాన్ని ఉదయం పదింటి దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు తరువాత మాత్రమే ఎండకు పరచాలి. నడుమ నీడకు లాగేయాలి.

పగలు ఎండలో, రాత్రి కుప్పలో ఎందుకు?

మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనబడేది ఇదే. ఎండలో పరచగానే గింజ పైభాగం త్వరగా ఆరుతుంది. పొట్టు కింద, పప్పు నడుమ ఉన్న తేమ అంత త్వరగా బయటికి రాలేదు. అది లోపలి నుంచి మెల్లగా నడిచి రావాలి. ఎండ ఆపకుండా తగిలితే పైపొర మరీ ఎండి బిగుసుకుంటుంది, లోపల మాత్రం తేమ అలాగే ఉంటుంది. మంట ఎక్కువ పెట్టిన పెనం మీద జొన్నరొట్టె పైన మాడి లోపల పచ్చిగా మిగిలినట్టే. పైపొర కుంచించుకుపోయి, లోపలి భాగం ఉబ్బి ఉంటే ఆ రెంటి మధ్య గుంజులాటలోనే పగులు పుడుతుంది.

అందుకే మధ్యలో విరామం కావాలి. సాయంత్రం ఎండ తగ్గగానే, మంచు పడక ముందే, గింజను కుప్పగా చేర్చి కప్పేయాలి. రాత్రంతా లోపలి తేమ పైకి వస్తుంది, ఎక్కువ ఎండిన గింజ తక్కువ ఎండిన గింజ నుంచి కొంత తీసుకుంటుంది, తెల్లారేసరికి కుప్ప అంతా ఒక సమానానికి వస్తుంది. మరునాడు పరిచినప్పుడు ఎండకు పని సులువు. ఇలా విడతలుగా ఎండిన గింజ, ఒకే ఊపున ఎండిన గింజ కన్నా తక్కువ పగులుతుంది. పాత రైతులు దీన్నే కుప్పలో మగ్గనివ్వడం అంటారు. రాత్రికి కుప్ప చేయడం దొంగల భయంతోనో మంచు భయంతోనో అనుకుంటారు కొందరు. ఆ పని ఎండబెట్టడంలో సగభాగం.

కప్పే తీరులో ఒక జాగ్రత్త. కోట్‌పల్లి ప్రాజెక్టు నీళ్లు, పక్కనే అనంతగిరి అడవి, జనవరి తెల్లవారుజామున దట్టమైన మంచు, ఇవన్నీ ఉన్న చోట రాత్రి గాలి బాగా తడిగా ఉంటుంది. కప్పకుండా వదిలేస్తే పగలు పోయిన తేమలో కొంత భాగం రాత్రికి తిరిగి వచ్చేస్తుంది. పగలు ఎండి, రాత్రి తడిసి, మళ్లీ పగలు ఎండిన గింజకు పొట్టు పగలడం ఖాయం. అలాగని మొదటి రెండు రోజులు, గింజ ఇంకా బాగా పచ్చిగా ఉన్నప్పుడు, ప్లాస్టిక్ షీటుతో బిగించి కప్పితే లోపలి ఆవిరి షీటు కింద నీటి బొట్లయి పైవరస గింజల మీదే పడుతుంది. ముందు గోనెపట్టాలు పరిచి, వాటి మీద టార్పాలిన్ వేస్తే ఆ బొట్లను గోనె పీల్చుకుంటుంది. ఉదయం మంచు పూర్తిగా విడిచాకే కుప్ప విప్పాలి. తొందరపడి ఏడింటికే పరిస్తే, ఎండబెట్టాల్సిన గింజకు మనమే మంచు పట్టించినట్టు.

దేని మీద పరచాలి?

తాండూరు వాళ్లకు ఈ విషయంలో అదృష్టం ఉంది. దేశమంతా ఇళ్లల్లో పరుచుకునే ఆ నాపబండ ఇక్కడి భూమిలోనే దొరుకుతుంది. నున్నటి బండ మీద గింజ చెదరదు, మట్టి కలవదు, బండ పగలంతా పట్టిన వేడిని కొంతసేపు అడుగు నుంచి కూడా ఇస్తుంది. టార్పాలిన్ నేల మీద పరిచినప్పుడు, కింద నేల తడిగా ఉంటే గింజ అడుగున చల్లదనం మిగిలిపోతుంది. గంటకోసారి కలపకపోతే పైది ఎండి కిందది పచ్చిగా ఉంటుంది.

తారు రోడ్డు మాత్రం వద్దు. బండి చక్రాల కింద గింజ నలుగుతుంది, తారు వాసన పడుతుంది, చిన్న రాళ్లు కలుస్తాయి. రాత్రి రోడ్డు మీది కుప్ప కనబడక ద్విచక్ర వాహనాలు పడిపోయిన సంఘటనలు తెలంగాణలో ప్రతి సీజన్‌లో ఉంటాయి. గింజ కోసం మనిషి ప్రాణం పోకూడదు.

పరిచే మందం రెండు వేళ్ల లోతు చాలు. అంతకన్నా పలుచగా పరిస్తే మార్చి ఎండలో గింజ మాడుతుంది, మందంగా పరిస్తే అడుగు ఎండదు. చాళ్లు చాళ్లుగా కాళ్లతో గీస్తూ కలపడం పాత పద్ధతి. అది మంచి పద్ధతి, ఎందుకంటే చాలు నడుమ బండ బయటపడి వేడెక్కుతుంది, మళ్లీ కలిపినప్పుడు తడి గింజ ఆ వేడి బండ మీదికి వస్తుంది.

ఎండబెట్టే పని నిజానికి కోత దగ్గరే మొదలవుతుంది. చేను కోసే సమయానికి కాయల్లో ముప్పావు వంతు పైగా గోధుమరంగుకు తిరిగి ఎండితే చాలు. అన్ని కాయలూ గలగలలాడే దాకా ఆగితే మధ్యాహ్నపు కోతలో కాయ పేలి గింజ చేలోనే రాలుతుంది. పొద్దున్నే, మంచుకు కాయ కాస్త మెత్తబడి ఉన్నప్పుడు కోయడం అందుకే. కోసిన కట్టెను నాలుగైదు రోజులు నిలువుగా కుప్ప పెడితే గింజ కాయలోనే, పొట్టు నీడలోనే సగం ఆరిపోతుంది. దీనంత సున్నితంగా ఆరబెట్టే పద్ధతి ఇంకొకటి లేదు. ఇప్పుడు హార్వెస్టర్‌తో కోయించేవాళ్లకు ఈ దశ ఉండదు. పచ్చి కాయ, పండు కాయ, ఆకు, పుల్ల అన్నీ కలిసి ఒకేసారి వస్తాయి. ఆ కుప్పను ఒక్క రాత్రి కూడా అలాగే వదలకూడదు. అదే రోజు జల్లెడ పట్టి పచ్చి చెత్తను వేరు చేయాలి. చాలా తేమ ఆ చెత్తలోనే ఉంటుంది.

ఎండిందని ఎలా తెలుసుకోవాలి?

పంటితో కొరకడం అందరికీ తెలిసిన పరీక్ష. పచ్చి గింజ పంటి కింద అణుగుతుంది. సరిగ్గా ఎండినది టక్కున రెండు బద్దలవుతుంది. అతిగా ఎండినది పొడిపొడిగా చిట్లుతుంది. ఈ మూడో రకం శబ్దాన్ని, ముక్కల్ని గుర్తుపట్టడం నేర్చుకుంటే సగం పని అయినట్టే. ఒక్క గింజతో తేల్చకూడదు. కుప్ప పైన, నడుమ, అడుగు నుంచి తీసి చూడాలి.

ఉప్పు పరీక్ష ఇంకొకటి. పొడి గాజు సీసాలో మూడో వంతు కందులు పోసి, పెనం మీద వేయించి చల్లార్చిన ఉప్పు ఒక చెంచా వేసి, మూత పెట్టి బాగా ఊపి, పావుగంట ఆగాలి. ఉప్పు గాజుకు అంటుకుంటే తేమ 15 శాతానికి పైనే ఉంది. అంటకపోతే అంతకన్నా తక్కువ. 15కూ 12కూ తేడా ఈ పరీక్ష చెప్పదు కాబట్టి ఇది మొదటి గుమ్మం మాత్రమే.

దీనికన్నా నమ్మకమైనది, ఇప్పుడు కొన్ని వందల రూపాయలకే దొరికే చిన్న తేమ గడియారం, హైగ్రోమీటర్. గాజు సీసాలో మూడొంతుల దాకా కందులు పోసి, ఆ గడియారాన్ని లోపల పెట్టి, మూత బిగించి నీడలో కొన్ని గంటలు ఉంచాలి. సీసాలోని గాలి, గింజ ఒక సమతూకానికి వస్తాయి. గడియారం చూపే గాలి తేమ 65 దాటితే ఇంకా ఎండాలి. 50, 60 మధ్య ఉంటే నిల్వకు సరిపోతుంది, ఎండ ఆపేయవచ్చు. 40 కిందికి పోయిందంటే ఎండ ఎక్కువైందని అర్థం. అతిగా ఎండడాన్ని కూడా అంకెతో పట్టిచ్చే పరీక్ష ఇంట్లో చేసుకోగలిగేది ఇదొక్కటే, అందుకే ఊరికి ఒకటైనా ఉండాలని నా అభిప్రాయం.

కొనుగోలు కేంద్రాల దగ్గర తరచూ వినిపించే మాట ఒకటి ఉంది: ఇంటికాడ మాయిశ్చర్ పదకొండు వచ్చింది, ఇక్కడికొచ్చేసరికి పదమూడు అంటున్నరు. మోసం జరిగిందని గొడవ మొదలవుతుంది. చాలాసార్లు రెండు అంకెలూ నిజమే. ఎండలోంచి ఎత్తగానే కొలిస్తే గింజ పైపొర మాత్రమే పొడిగా ఉంటుంది, యంత్రానికి అదే ఎక్కువగా తెలుస్తుంది. పైగా గింజ వేడి కూడా అంకెను మారుస్తుంది. సంచిలో ఒక రాత్రి గడిచాక లోపలి తేమ పైకి వస్తుంది, అంకె పెరుగుతుంది. కాబట్టి ఇంట్లో ఎప్పుడూ చల్లారిన గింజనే, ఒక రాత్రి కుప్పలో మగ్గిన తరువాత, తెల్లారి కొలవాలి. ఆ అంకె 12 లోపు ఉంటే నిశ్చింతగా బండి కట్టవచ్చు. ఈ ఒక్క అలవాటు ఎన్నో బండ్లను వెనక్కి తిరిగి రాకుండా ఆపుతుంది. భద్రం కోసమని 8 దాకా ఎండబెట్టే అవసరాన్నీ ఆపుతుంది.

పప్పు పట్టించేటప్పుడు మళ్లీ తడి ఎందుకు?

ఇన్ని రోజులు ఎండబెట్టిన గింజకు మిల్లువాళ్లు నూనె పట్టించి, నీళ్లు చల్లుతారు. చూసేవాళ్లకు వింతగా ఉంటుంది. శనగ, మసూరుతో పోలిస్తే కంది పొట్టు ఊడదీయడం చాలా కష్టం. పొట్టుకూ పప్పుకూ మధ్య జిగురు పొర ఒకటి గట్టిగా పట్టుకుని ఉంటుంది. దాన్ని వదిలించడానికే ఈ తతంగమంతా. ముందు రోలర్ మీద గింజ పొట్టుకు గీతలు పెడతారు. కొద్దిపాటి నూనె, క్వింటాలుకు కిలో ప్రాంతం, పట్టించి రాత్రంతా కుప్పలో ఉంచుతారు. నూనె ఆ గీతల్లోంచి పొట్టు కిందికి పాకుతుంది. తరువాత రెండు మూడు రోజులు పగలు ఎండ, రాత్రి కుప్ప. చివర్లో కొద్దిగా నీళ్లు చల్లి మళ్లీ ఒక రాత్రి మగ్గనిస్తే పొట్టు ఉబ్బి వదులవుతుంది. అప్పుడు పట్టిస్తే బద్దలు నిలువుగా, నిండుగా విడిపోతాయి.

ఊళ్లల్లో ఎర్రమట్టి పట్టించడం మరో పద్ధతి. కందులను కొన్ని గంటలు నానబెట్టి, ఎర్రమట్టి కలిపి, రాత్రంతా కుప్పగా ఉంచి, తరువాత ఎండలో ఆరబెట్టి, మట్టి జల్లించి ఇసుర్రాయి మీద విసురుతారు. ఈ పప్పులో నూక తక్కువ, బద్ద నిగనిగలాడుతుంది. ఉడకడానికి మాత్రం మిల్లు పప్పు కన్నా ఎక్కువసేపు పడుతుంది. రుచి విషయంలో ఎర్రమట్టి పప్పుకే ఓటు వేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లతో నాకు పేచీ లేదు.

రెండు పద్ధతుల్లోనూ నడిపించేది అదే విరామం. మిల్లుకు వచ్చే గింజ ముందే అతిగా ఎండి ఉంటే ఈ తడి, పొడి వరుసను తట్టుకోలేదు. నీళ్లు చల్లగానే పగులుతుంది, రోలర్ కింద పిండవుతుంది. కంది గింజలో పొట్టు సుమారు 15 శాతం. అంటే వంద కిలోలకు 85 కిలోల దాకా పప్పు రావాలి. పాత తరహా మిల్లింగ్‌లో చేతికొచ్చేది 65 నుంచి 75 కిలోలే. మిగతాది నూకగా, పిండిగా పశువుల దాణాలోకి పోతుంది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ దశాబ్దాల కిందటే నూనె లేకుండా, ఎండతో పని లేకుండా వేడి గాలి కొట్టి, తరువాత గింజను మెల్లగా చల్లార్చి పొట్టు వదులు చేసే పద్ధతిని రూపొందించింది. అక్కడా అసలు సూత్రం తేమను సరైన చోట ఆపడమే.

పురుగు సంగతేమిటి?

ఎంత ఎండితే అంత మంచిదన్న మాట వెనక అసలు భయం పుచ్చు పురుగుదే. ఆ భయం న్యాయమైనది. పురుగు చేలోనే మొదలవుతుంది. ఎండిన కాయ మీద, తరువాత గింజ మీద తెల్లటి చుక్కల్లా గుడ్లు అతికిస్తుంది. పిల్ల నేరుగా గింజలోకి తొలుచుకుపోయి, లోపలే పెరిగి, నెల తిరిగేసరికి గుండ్రటి రంధ్రం చేసుకుని బయటికొస్తుంది. రంధ్రం కనబడేసరికి ఒక తరం తినేసి వెళ్లిపోయినట్టే.

గింజ 9 శాతం దగ్గర ఉంటే పురుగు వృద్ధి మందగిస్తుంది గానీ పూర్తిగా ఆగదు. మామూలు ఎండతో దాన్ని ఆపాలని చూస్తే గింజనే పాడు చేసుకుంటాం. పురుగును చంపేది గింజ పొడితనం కన్నా వేడి, గాలి లేకపోవడం. ఈ జాతి పురుగు 57 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంటే గుడ్డు, పిల్ల, పెద్దది అన్నీ చస్తాయి. నల్ల షీటు మీద ఎండిన కందులు పలుచగా పరిచి, పైన పారదర్శకమైన పాలిథిన్ షీటు కప్పి అంచులకు రాళ్లు పెడితే ఎండాకాలం మధ్యాహ్నం ఆ వేడి సులువుగా వస్తుంది. ఒక్క మధ్యాహ్నం చాలు, రోజుల తరబడి అక్కర్లేదు. తినే కందులకే ఈ పని చేయాలి. విత్తనానికి నేను వద్దంటాను.

గాలి చొరబడని సంచి ఇంకో దారి. ఆఫ్రికాలోని కామెరూన్‌లో అలసందల పురుగును ఆపడానికి అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు 1980ల చివర్లో మొదలుపెట్టిన పనిలోంచి మూడు పొరల సంచి పుట్టింది. లోపల రెండు మందపాటి ప్లాస్టిక్ పొరలు, బయట నేత సంచి. మూతి బిగించాక పురుగులే లోపలి ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి. ఈ పురుగులు నీళ్లు తాగవు. తిన్న తిండిని ఆక్సిజన్‌తో కాల్చినప్పుడు పుట్టే నీటితోనే బతుకుతాయి. ఆక్సిజన్ అయిపోతే ఆ నీళ్లు ఉండవు, తిండి మానేసి ఎండిపోయి చస్తాయి. ఇటువంటి సంచిలోకి పచ్చి గింజ మాత్రం పోయకూడదు. తేమ బయటికి పోయే దారి లేక లోపలే మురిగిపోతుంది. మామూలు డబ్బాలో పెట్టేవాళ్లు కిలోకు అయిదు మిల్లీలీటర్ల వంటనూనె పట్టించినా పురుగు గుడ్లు నిలవవు.

పాత కందులు ఉడకవెందుకు?

దీనికీ ఎండనే తిడతారు. గింజ మరీ ఎండితే పొట్టు బిగుసుకుని నీళ్లు పీల్చడం ఆలస్యమవుతుందన్న మాట పప్పుజాతి గింజల్లో నిజమే. కానీ ఏడాది దాటిన కందులు గంటసేపు ఉడికినా బద్ద విడవకపోవడానికి ఎక్కువగా కారణం తడిగా, వేడిగా నిల్వ ఉండడం. గింజలోని ఫైటేట్ అనే పదార్థం కాల్షియం, మెగ్నీషియం లవణాలను పట్టుకుని ఉంచుతుంది. తడి, వేడి కలిస్తే అది విరిగిపోతుంది. విడుదలైన లవణాలు కణాల గోడల్లోని పెక్టిన్‌ను గట్టిగా బిగిస్తాయి. ఆ గోడలు ఇక నీళ్లలో కరగవు. రేకుల షెడ్డు కింద, గోడకు ఆనించిన గోనె సంచిలో రెండు వానాకాలాలు గడిపిన కందులు ఉడకకపోవడం ఇందుకే. సున్నపురాళ్ల నేల మీద బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువగా ఉంటే అదీ ఇదే పని చేస్తుంది. ఒకసారి వాన నీళ్లతోనో శుద్ధి చేసిన నీళ్లతోనో ఉడికించి చూస్తే తప్పు గింజదో నీళ్లదో తేలిపోతుంది.

అతిగా ఎండిన గింజకు తేమ తిరిగి ఎక్కించవచ్చా?

కొంతవరకు ఎక్కించవచ్చు. నీళ్లు చల్లి మాత్రం కాదు. చల్లిన నీళ్లు పైగింజలకే పట్టి అక్కడే బూజు మొదలవుతుంది. తూకం పెంచడానికి అమ్మకానికి ముందు నీళ్లు చల్లడం కొనేవాడిని మోసం చేయడమే, తినేవాడి ఆరోగ్యంతో ఆడుకోవడమే. సరైన దారి గాలితోనే. గింజను గోనె సంచుల్లో సగం దాకా పోసి, మూతి కట్టకుండా, గాలి తగిలే పైకప్పు కింద కట్టెల మీద నిలబెట్టాలి. మంచు నేరుగా తగలకూడదు, రాత్రి గాలి మాత్రం తగలాలి. మూడు నాలుగు రాత్రుల్లో గింజ ఆ గాలితో సర్దుకుని ఒకటి రెండు శాతం తిరిగి తీసుకుంటుంది. మధ్యలో సంచులను ఒకసారి కుమ్మరించి కలిపితే సమానంగా పడుతుంది. హైగ్రోమీటర్ సీసాలో 50 దాటగానే ఆపి, మూతి కట్టేయాలి. పోయిన తూకంలో కొంత ఇలా తిరిగి వస్తుంది, పెళుసుదనం కూడా తగ్గి మిల్లులో నూక తగ్గుతుంది. పడిన పగుళ్లు మాత్రం అతుక్కోవు. అందువల్ల విత్తనానికని తీసిపెట్టిన కుప్ప ఇలా అతిగా ఎండిందని తెలిస్తే, వంద గింజలు లెక్కపెట్టి తడి గోనెగుడ్డలో చుట్టి ఒక వారం మొలకకట్టి చూడాలి. 75కు తక్కువ మొలిస్తే ఆ కుప్పను పప్పుకు పంపి, విత్తనానికి వేరే గింజ వెతుక్కోవాలి. ఏప్రిల్‌లోనే ఈ పని చేస్తే జూన్ తొలకరికి ముందే మంచి విత్తనం సంపాదించుకునే సమయం ఉంటుంది.